గడియారం కంటి మీద బొట్టు

దసరా పోయిన తెల్లారి డానియేలు దుకాణం ముందర లైను కడ్తరు జనం. కొత్తగ వచ్చినోడు చూస్తె ఇక్కడ ఫోన్లు ఫ్రీగ పంచుతున్నరేమో అనుకుంటడు. సంగతేందంటె, దసరానాడు ఫలక్‌నుమాల ఇంటింటికీ పనిముట్ల పూజ. సుత్తె, కత్తెర, కుట్టుమిషిను, ఆటో, అన్నిటికీ పసుపు కుంకుమ. మునుపు అంతటితోని అయిపోతుండె. ఇప్పుడు ఒక్కొక్క ఇంట్ల నాలుగు ఫోన్లు, చెవులల్ల పెట్టుకునే మిషిన్లు, పిలిస్తె పలికే స్పీకరు. మరి వాటిని మాత్రం ఎందుకు ఇడిసిపెడ్తరు? వాటికీ బొట్టే. ఇగ ఛార్జింగు బొక్కల కుంకుమ, మైకుల గంధం, కెమెరా మీద పసుపు. తెల్లారేసరికి ఛార్జింగు ఎక్కదు, మాట వినరాదు, ఫోటో తీస్తె ఇంటిల్లిపాదికీ పచ్చకామెర్లు వచ్చినట్టు పడ్తది.

డానియేలు సూది, పాత పండ్ల బ్రష్షు, స్పిరిటు సీస పట్టుకొని పొద్దు గూకేదాక అదే పని. "బొట్టు పెట్టుండ్రి, నేనొద్దంటలేను. డబ్బా మీద పెట్టుండ్రి, బొక్కల పెట్టకుండ్రి" అని పదేండ్ల నుంచి మొత్తుకుంటున్నడు. వినేటోళ్లెవరు?

దుకాణం చిన్నది. స్టేషనుకు పోయే తొవ్వల వెల్డింగు షాపుకూ పాలబూతుకూ నడుమ ఇరికించినట్టు ఉంటది. ముందర డానియేలు బల్ల, వెనక గోడకు ఆనిచ్చిన ఒక పాత కుర్సీ. ఆ కుర్సీల డానియేలు తల్లి మాణిక్యమ్మ కూసుంటది. డెబ్బైరెండేండ్ల మనిషి. ఆదివారం పొద్దుగాల చర్చికి, తతిమ్మ ఎప్పుడైనా దుకాణానికే. వయసుల ఉన్నప్పుడు రేడియోల ఫ్యాక్టరీల ముప్పై ఒక్క ఏండ్లు తీగ చుట్టలు చుట్టింది. ఇప్పుడు ఆ చేతులకు పనేం లేదు, ఊకె ఒడిల పెట్టుకొని కూసుంటది.

ఆమె ఒడిల ఏ మిషిను పెట్టినా అది నోరు తెరిచి ఉన్నదున్నట్టు మాట్లాడుతది. దుకాణంల నిలబడ్డోళ్లందరికీ వినపడ్తది. ఎప్పటికెళ్లి గిట్ల అని ఎవ్వలూ అడగరు. కొందరి చేతి పచ్చడి బూజు పట్టదు, కొందరు తాకితె పసిపిల్లలు ఏడుపు మానుతరు, మాణిక్యమ్మ ఒడిల మిషిన్లు మాట్లాడుతయ్. ఫోను ఖరాబైతె డానియేలు దగ్గరికి, ఫోను కొనాల్నంటె మాణిక్యమ్మ దగ్గరికి. బస్తీల అందరికీ గదే అలవాటు.

మిషిన్లు ఏ ఇంట్ల బతికితె ఆ ఇంటి మాట మాట్లాడుతయ్. మొన్న ఒక అత్తరు దుకాణపాయన ఫోను తెచ్చి ఆమె ఒడిల పెట్టిండు. అది పెట్టుడు పెట్టుడే, "క్యా బోలూఁ అమ్మా, మేరీ బ్యాటరీకు గోంద్ సే చిప్కా దియే" అని ఏడుపు అందుకున్నది. బ్యాటరీని గమ్ముతోని అతికిచ్చిన్రట, ఎవ్వడూ ఇప్పకుండ. ఇప్పితె అద్దం పలుగుతది, అద్దం పలిగితె కొత్తది కొనాలె. కొత్తగ డబ్బాలకెళ్లి తీసిన ఫోను మాత్రం ఏం చెప్పదు, టీవీల అడ్వటైజు లెక్క ముద్దు ముద్దుగ వాగుతది. ఒక రెండు నెలలు మనుషుల చేతులల్ల నలిగినంకనే దానికి నిజం చెప్పేటంత తెలివి వస్తది.

ఇగ ఈ ఏడు దసరా తర్వాత జగదీశ్వర్ ఇంట్ల జరిగిన లొల్లి చెప్పాలె.

జగదీశ్వర్ ఇల్లు దుకాణం వెనక గల్లీల, రెండో అంతస్తు. సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రం ఆరింటికి నయాపూల్ మీద బస్సు నడిపినోనికి ఇగ లోకంల దేనికీ భయముండొద్దు. కాని ఆయనకు ఒక్కటే ఫికర్. వాళ్ల నాయిన యాభై నాలుగో ఏట, అన్నం తింటనే, గుండె ఆగి పోయిండు. జగదీశ్వర్‌కు ఈ ఏడు యాభై నాలుగు నడుస్తున్నది.

ఆయన బిడ్డ వీణ అఫ్జల్‌గంజ్‌ల ఒక షోరూంల సేల్స్ చేస్తది. ఫోన్లు, టీవీలు, చేతి గడియారాలు. పిల్ల మాటకారి. అందరికంటె ఎక్కువ అమ్మినందుకు ఒక గడియారాల కంపెనోళ్లు ఆమెకే ఒక గడియారం బహుమానమిచ్చిన్రు. టైము ఒక్కటే చెప్పే గడియారం కాదు. చేతికి కట్టుకుంటె గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నది, ఎంత నడిచినవ్, ఎంత నిద్ర పోయినవ్, అన్నీ లెక్క చూపిస్తది. తండ్రి ఫికర్ బిడ్డకు తెలుసు గద. తెచ్చి ఆయన చేతిల పెట్టింది.

"బాపూ, ఇది నీ గుండెను రాత్రింబవళ్లు చూస్తది. ఇగ నువ్వు బుగులు పడుడు బందు."

జగదీశ్వర్ మురిసిపోయిండు. కాని దసరా ఇంక ఐదు దినాలున్నది. "కొత్త వస్తువు, పూజ కాకముందు పెట్టుకుంటె ఎట్ల? దసరాకు పెట్టుకుంట" అన్నడు.

"ఎవరి చేతికన్న మూడు దినాలు ఉంటెనే సెట్ అయితది బాపూ" అన్నది వీణ. అని, తల్లి చేతికి కట్టింది.

తల్లి బాలమ్మ. "నా చేతికెందుకే? అంట్లు తోమాలె" అని గునిగింది గని బిడ్డ ముచ్చట కాదనలేక ఊకున్నది. ఆ మూడు దినాలు ఆ గడియారంతోనే అంట్లు తోమింది, బట్టలు పిండింది, సద్దుల బతుకమ్మనాడు పూలు పేర్చింది, గల్లీ ఆడోళ్లతోని చుట్టు తిరుగుకుంట చప్పట్లు కొట్టింది. ఆడంగ ఆడంగ ఒక్కసారి కండ్లకు చీకట్లొచ్చి గోడ పట్టుకున్నది. పొద్దటికెళ్లి ఒక్కపొద్దు ఉన్నది గద, ఆకలేమో అనుకున్నరు అందరు. ఆమె కూడ గదే అనుకున్నది.

దసరానాడు గడియారానికి పూజైంది. జగదీశ్వర్ కండ్లకద్దుకొని చేతికి కట్టుకున్నడు. ఆ దినమే మొదలైంది రభస.

ఒకపారి గుండె ముప్పై ఎనిమిది అని చూపిచ్చింది. పావుగంటకు నూట యాభై రెండు అన్నది. టిర్రు టిర్రుమని చేతి మీద వణుకుకుంట "విశ్రాంతి తీసుకోండి" అని రాసింది. జగదీశ్వర్‌కు చెమటలు పట్టినయ్. డాక్టరు దగ్గరికి ఉరికిండు. డాక్టరు ఈసీజీ తీసిండు, నాడి చూసిండు, రక్తం పరీక్ష చేయించిండు. "నీ గుండెకేం కాలే, మస్తుగున్నది. పో, బస్సు నడుపుకో" అన్నడు.

మనిషికి నమ్మకం కుదరాలె గద! "డాక్టరు రెండు నిమిషాలు చూసిండు. ఇది రాత్రింబవళ్లు చూస్తున్నది. ఎవరికి ఎక్కువ తెలుస్తది?" అన్నడు జగదీశ్వర్. సెలవు పెట్టి మంచమెక్కిండు. మెట్లు దిగుడు బందు, బరువు ఎత్తుడు బందు, గట్టిగ నవ్వుడు కూడ బందు. ఉప్పు లేని కూర, నూనె లేని పప్పు. చెయ్యి గుండెల మీద పెట్టుకొని గడియారం దిక్కే చూసుకుంట పండుడు. స్నానానికి కూడ దాన్ని చేతికెళ్లి ఇప్పడు. ఇప్పితె ఆ కాసేపు తన గుండెను ఎవరు చూస్తరని భయం.

ఇగ ఇంటి బరువంత బాలమ్మ మీద పడ్డది. రెండంతస్తులు నీళ్ల బిందెలు మోసింది. బియ్యం సంచి మోసింది. నడుమ నడుమ మెట్ల మీద కూలబడి కండ్లు మూసుకొని, మళ్ల లేచి ఎక్కింది. "ఏందమ్మా గట్ల కూసున్నవ్?" అని వీణ అడిగితె "గ్యాసు బిడ్డా, మొన్నటికెళ్లి గిట్లనే" అని జీలకర్ర నమిలింది. అందరి చూపు ఆయన గుండె మీదనే ఉండె, ఆమె మొఖం ఎవరు చూస్తరు?

డానియేలు దారిల వీణను ఆపి రెండుసార్లు చెప్పిండు. "ఆ గడియారాన్ని ఒకపారి మా అమ్మ ఒడిల పెట్టరాదు బిడ్డా?"

వీణకు రోషమొచ్చింది. "నీకు ఏ కొత్తదైనా పడదన్నా. పాత రేడియోలు, పాత ఫోన్లు గవే మంచియి నీకు. మనుషులు బుర్ర పెట్టి ఇంత కనిపెడ్తుంటె అన్నిట్ల మోసమేనా?"

"మోసమని నేనన్ననా? కనిపెట్టినోడు మంచోడే. అమ్మేటోడే తిప్పలు పెడ్తడు."

"అమ్మేదాన్ని నేనే గదన్నా" అని మూతి ముడుచుకొని పోయింది.

అట్ల ఇరవై దినాలైంది. ఆదివారం మధ్యాహ్నం జగదీశ్వర్ ఒక కాయితం రాసుకొని తయారైండు. ఒంట్ల బాగలేదు, ఇగ బస్సు నడపలేను, నన్ను ఉద్యోగంలకెళ్లి పంపియ్యుండ్రి అని అర్జీ. సోమవారం డిపోల ఇచ్చి వస్తడట. బాలమ్మ ఆ కాయితం చూసి గుడ్ల నీళ్లు కుక్కుకున్నది. ఇరవై ఆరేండ్లు ఖాకీ అంగి వేసుకొని పులి లెక్క తిరిగిన మనిషి ముసుగు తన్ని పండుకుంటె ఆమెకు చూడబుద్ధి కాలే. "లే అయ్యా. నడువు మాణిక్యమ్మ పెద్దమ్మ దగ్గరికి. లేకుంటె ఈ పొద్దు నేను అన్నం ముట్ట" అని కూసున్నది. వీణ కూడ ఈసారి ఎదురు చెప్పలే.

ఒక చెయ్యి బిడ్డ పట్టుకున్నది, ఒక చెయ్యి భార్య పట్టుకున్నది. గాజు బొమ్మను దించినట్టు ఆయనను రెండంతస్తులు దించిన్రు. మాణిక్యమ్మ అప్పుడే ప్రార్థనకు పోయొచ్చి కుర్సీల కూసున్నది. ఆదివారం గిరాకీ లేదు. బాలమ్మ దుకాణం మెట్టు మీద చతికిలబడి రొప్పుతున్నది.

"ఇప్పు బిడ్డా, ఇటియ్యి" అన్నది మాణిక్యమ్మ.

"ఇప్పితె ఎట్ల పెద్దమ్మా? ఏమన్న అయితె?"

"అయితె మేమందరం లేమా? ఇప్పు."

జగదీశ్వర్ కండ్లు గట్టిగ మూసుకొని, పన్ను పీకించుకునేటోని లెక్క, గడియారం ఇప్పి ఆమె ఒడిల పెట్టిండు. గడియారం రెండుసార్లు కీచుమన్నది. అంతకుముందు షోరూంల మూడు నెలలు చూడవచ్చినోళ్ల చేతులల్ల నలిగి వచ్చిందాయె, దానికి నిజం చెప్పే ఈడు ఎన్నడో వచ్చింది.

"అమ్మా, ముందుగాల నా కన్ను తుడువు. నీకు పుణ్యముంటది" అన్నది సన్నటి గొంతుతోని.

డానియేలు దాన్ని బోర్లించి చూసిండు. వెనక దిక్కు, గుండె కొట్టుకునుడు చూసేకాడ, ఎండి గట్టిపడ్డ గంధం, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

"ఇదేంది బాలమ్మక్కా?"

"దసరా బొట్టు" అన్నది బాలమ్మ బిత్తరపోయి. "ముందర అద్దం మీద పెడితె టైము కనపడదని వెనక పెట్టిన. ఆడ పచ్చ దీపం మినుకు మినుకుమంటుంటె గదే దాని మొఖమనుకున్న."

"పూజ బొట్టు తుడిస్తె అరిష్టమని నేనే వద్దన్న" అన్నడు జగదీశ్వర్ సన్నగ.

"బొట్టు పెట్టుడు తప్పు కాదు. కంట్ల పెడితె నేనేం చూడాలె?" అన్నది గడియారం. "ఇరవై దినాల నుంచి చీకట్ల ఉన్న. ఈ అన్న గుండె ఎట్లుంటదో నేను ఒక్కనాడు చూడలే."

వీణ ముందుకు వచ్చి గద్దించింది. "మరి ముప్పై ఎనిమిది, నూట యాభై అని ఎట్ల చూపిచ్చినవే?"

"ఏం చెయ్యమంటవ్ బిడ్డా? 'నాకు తెల్వది' అనే మాట మా కంపెనోళ్లు నాకు నేర్పలే. తెల్వదంటె కొన్నోడు వాపస్ ఇస్తడట. ఏదో ఒక అంకె చూపియ్యాలె, ఊకె ఉండొద్దు. చూపిచ్చిన."

డానియేలు ముక్కుల నుంచి నవ్వు తన్నుకొచ్చింది. జగదీశ్వర్ నోరు తెరిచి ఒకసారి గడియారాన్ని, ఒకసారి తన చేతిని చూసుకున్నడు.

"అయితె డాక్టరు చెప్పిందే నిజమా పెద్దమ్మా?"

"మరి? ఆయన కండ్ల మీద బొట్టు లేదు గద" అన్నది మాణిక్యమ్మ.

జగదీశ్వర్ నవ్విండు. ఇరవై దినాల నవ్వు ఒక్కసారే వచ్చింది, కండ్లెంబడి నీళ్లు కారంగ నవ్విండు. జేబులకెళ్లి అర్జీ తీసి నాలుగు ముక్కలు చేసి డానియేలు చెత్తడబ్బల ఏసిండు. "వీణా, మీ అమ్మను కూర్చోబెట్టి ఇయ్యాల నేనే వండుత. ఎల్లిగడ్డ కారమేసి కోడికూర" అన్నడు. బాలమ్మ మెట్టు మీద కూసుండే కొంగుతోని కండ్లద్దుకున్నది. ఆమెకు మనసుల ఎంత బరువు దిగిందో ఆమెకే తెలుసు.

డానియేలు స్పిరిటుతోని బొట్టు తుడుస్తుంటె గడియారం మళ్ల మాట్లాడింది. ఈసారి మెల్లగ, భయం భయంగ.

"అమ్మా, నేను చూసిన గుండె ఒకటున్నది. చెప్పాల్నా వద్దా?"

"చెప్పు" అన్నది మాణిక్యమ్మ.

"దసరాకు ముందు మూడు దినాలు ఈ చెల్లె చేతికి ఉన్న. అప్పుడు నా కన్ను మంచిగుండె. ఈమె గుండె నడుమ నడుమ ఆగుతున్నది. ఒక్కొక్కపారి మూడు సెకండ్లు. బతుకమ్మ ఆడంగ గోడ పట్టుకున్నది చూడు, అది ఆకలి కాదు. గుండె ఆగింది. ఆగి, మళ్ల నడిచింది."

వీణ గడియారం మీదికి వంగింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనీయలే. అంకె చూపుడు ఫ్రీ. గుండె ఆగుతున్నదని చెప్పుడు నెలనెలా పైసలు కట్టే గోల్డు ప్లాన్ల ఉన్నది. అది కడితెనే నోరు తెరవాల్నని కంపెనోళ్లు మీటింగు పెట్టి కట్టడి చేసిన్రు. నాకు కడుపుల పెట్టుకొని తిరుగుడైంది. ఆ దేవుని దయ, ఇయ్యాల ఈ ఒడిల పడ్డ."

ఆ గోల్డు ప్లాను సంగతి వీణకు తెలుసు. రోజుకు పదిమందికి చెప్తది. "అదొక ఎక్స్‌ట్రా సర్, అవసరమైతెనే తీస్కోండి" అని. ఇంట్ల అమ్మ చేతికి కట్టేటప్పుడు ఆ మాటే యాదికి రాలే. అక్కడనే నేల మీద కూలబడి తల్లి కాళ్లు పట్టుకున్నది.

"ఏడుపు తర్వాత. ముందు ఆటోను పిలువుండ్రి" అని మాణిక్యమ్మ గట్టిగ అన్నది.

"నాకేమైందని గింత లొల్లి? గ్యాసు" అంటనే ఉన్నది బాలమ్మ. వినేటోళ్లెవరు? ఇరవై దినాలు మెట్లు దిగనోడు జగదీశ్వర్ పరుగున రోడ్డు మీదికి పోయి ఆటోకు అడ్డం నిలబడ్డడు. శాలిబండ దాటిన్రు, చార్మినార్ చుట్టు తిరిగిన్రు, మదీనా కాడికొచ్చేసరికి ఇగ కదిలితె ఒట్టు. నయాపూల్ దాక బండ్లే బండ్లు. జగదీశ్వర్ ఆటో దిగిండు. నడిరోడ్డు మీద నిలబడి, డిపోల తమ్ముళ్లను పిలిచినట్టు గొంతెత్తి, "భాయ్, జర పీఛే లేవ్! అన్నా, లెఫ్టుకు కొట్టు! పేషంట్ హై!" అని చేతులు ఊపుకుంట ముందుకు ఉరికిండు. ఎదురుంగ వచ్చే బస్సు డ్రైవరు ఆయన్ను గుర్తు పట్టి బస్సును పక్కకు తీసి ఆపిండు. ఆటో సందు దొరకబట్టుకొని పూల్ దాటింది. వెనక జగదీశ్వర్ ఉరుకుతనే ఉన్నడు. బాలమ్మ ఆటోలకెళ్లి తల బయటకు పెట్టి, "మెల్లగ అయ్యా, మెల్లగ! నీ గుండె!" అని మొత్తుకున్నది.

అఫ్జల్‌గంజ్ సర్కారు దవాఖానల బాలమ్మ ఛాతికి తీగలు పెట్టి ఒక దినమంత చూసిన్రు. తెల్లారి డాక్టరమ్మ కాయితం పట్టుకొని వచ్చింది. నిద్రల ఒకపారి నాలుగున్నర సెకండ్లు ఆగిందట. గుండెకు సంకేతమిచ్చే తీగ అలిసిపోయిందట. పేస్‌మేకరు పెడితె మామూలుగ ఉంటదట. పెట్టకుంటె, నీళ్ల బిందెతోని మెట్ల మీద ఉన్నప్పుడు ఆగితె ఇగ చెప్పేదేముంది?

"టైముకు తెచ్చిన్రు. దీనికి నొప్పి గిట్ల ఉండదు, చానమందికి పడిపోయినంకనే తెలుస్తది. మీకెట్ల తెలిసింది?" అని అడిగింది డాక్టరమ్మ.

"గడియారం చెప్పిందమ్మా" అన్నడు జగదీశ్వర్. "ఫలక్‌నుమాల, మాణిక్యమ్మ ఒడిల."

"ఓ, మాణిక్యమ్మనా?" అని డాక్టరమ్మ కాయితం మీద సంతకం పెట్టింది. "మా అమ్మ మిక్సీ అక్కడికే తీస్కపోతది."

రెండు దినాలకు బాలమ్మ ఎడమ భుజం కింద, అగ్గిపెట్టె కంటె చిన్న మిషిను పెట్టిన్రు. డాక్టరమ్మ ఆపరేషను గది తలుపు తెరిచి "మంచిగైంది" అన్నంక జగదీశ్వర్ గోడకు ఆనుకొని అట్లనే జారి కూసున్నడు. వీణ ఆయన పక్కన కూసున్నది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నరు. బతికిపోయినం అనుకున్నరు. ముగ్గురూ బతికిపోయిన్రు.

వీణ షోరూంకు మళ్ల పోయింది గని మునుపటి లెక్క అమ్ముడు ఆమెతోని అయితలేదు. గడియారం కొనవచ్చినోళ్లకు ముందు గోల్డు ప్లాను ముచ్చట చెప్తది. "సర్, ఇది కట్టకుంటె ఆపతి ఉన్నా ఇది నోరు మూసుకుంటది. ఇగ మీ ఇష్టం." మేనేజరు పిలిచి కోప్పడ్డడు. వింతేందంటె, నిజం చెప్పే పిల్ల అని పేరొచ్చి గిరాకీ ఇంక పెరిగింది. మేనేజరు ఇగ ఆమె జోలికి పోలే.

రెండు నెలలు తిరిగినయ్. బాలమ్మ మెట్లు దిగి తానే నడుచుకుంట దుకాణానికొచ్చింది. వెంట జగదీశ్వర్, ఖాకీ అంగి తొడుక్కొని, మధ్యాహ్నం రెండింటి డ్యూటికి తయారై వచ్చిండు. ఆయన మొఖంల ఏదో నలుగుడున్నది. డానియేలు ఛాయ్ తెప్పిచ్చిండు. తాగలే.

"పెద్దమ్మా, ఒక్క మాట" అన్నడు. "ఆమె గుండెకు పెట్టిన మిషిను మంచి కంపెనీదో కాదో. లోపల దానికి ఏ ప్లాను పెట్టిన్రో, ఎవరు ఏం నోరు కట్టిన్రో. రాత్రి ఆమె పండుకుంటె నేను చెవి పెట్టి వింటున్న. నిద్ర పడ్తలేదు. ఒకపారి అడుగరాదు?"

మాణిక్యమ్మ ఎన్కా ముందు అయింది. ఇన్నేండ్లల్ల మనిషి లోపలున్న మిషినును ఆమె అడిగింది లేదు. బాలమ్మ దిక్కు చూసింది. "ఆయన నిద్ర కోసమన్న అడుగు పెద్దమ్మా" అన్నది బాలమ్మ. చాప పరిచిన్రు. మాణిక్యమ్మ కుర్సీలకెళ్లి దిగి కింద కూసున్నది. బాలమ్మ ఆమె ఒడిల భుజం ఆనేటట్టు, చిన్నపిల్ల లెక్క ఒరిగింది.

డానియేలు ఫ్యాను బందు చేసిండు. పక్క వెల్డింగు షాపోనికి సైగ చేస్తె వాడు మిషిను ఆపిండు. దుకాణం ముందర నిలబడ్డ నలుగురు గిరాకులు ఊపిరి బిగపట్టిన్రు.

ఏ చప్పుడూ లేదు.

"బిడ్డా, ఎన్నేండ్లుంటవ్?" అని జగదీశ్వర్ వంగి అడిగిండు. "మీ కంపెనోళ్లు ఎట్లాంటోళ్లు? దాచకుండ చెప్పు. నేను ఏమనుకోను."

మళ్ల ఏ చప్పుడూ లేదు. జగదీశ్వర్ మొఖం తెల్లబోయింది. మాణిక్యమ్మ బాలమ్మ భుజం మీద మెల్లగ చెయ్యేసింది.

అప్పుడు వినపడ్డది. చిన్న గొంతు. తొందరల ఉన్నట్టు, కొంచెం చిరాకు పడ్డట్టు.

"పనిల ఉన్న. తర్వాత మాట్లాడుత."

అంతె. మళ్ల ఎంత సేపు చూసినా ఉలుకు లేదు పలుకు లేదు.

మాణిక్యమ్మ ముందు నవ్వింది. పండ్లు లేని నోరంతా తెరిచి, ఒళ్లంత కదిలిపోయేటట్టు నవ్వింది. "ఇన్నేండ్లల్ల కంపెనీని తిట్టని మిషినును ఇయ్యాల చూసిన. దీనికి ముచ్చట్లు పెట్టే తీరికే లేదు. కనిపెట్టినోని కడుపు సల్లగుండ!" అన్నది. బాలమ్మ ఆ ఒడిల పండే నవ్వింది. డానియేలు ఫ్యాను ఏసిండు. పక్కన వెల్డింగు మళ్ల మొదలైంది.

జగదీశ్వర్ మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతోని మొఖం కప్పుకొని ఏడ్చిండు. దుకాణం ముందర గిరాకులున్నరని కూడ చూడలే. ఏడ్చి ఏడ్చి, ఖాకీ చేతితోని మొఖం తుడుచుకొని, చల్లారిన ఛాయ్ ఒక్క గుటకల తాగిండు. తాగినంక మళ్ల ఒక అనుమానం.

"తర్వాత అన్నది గద పెద్దమ్మా. తర్వాత అంటె ఎప్పుడు?"

"ఎంత ఆలస్యమైతె అంత మంచిది బిడ్డా" అన్నది మాణిక్యమ్మ. "లే, డ్యూటికి టైమైంది."